భూమి, ఘాతం

మూడు ఎక్స్ స్క్వేర్ ఇంటూ నాలుగు ఎక్స్ క్యూబ్.
మూల విరిగిన పలక మీద రాసుకున్నా.
ఫ్యాక్టరీ వాళ్లకి ఆ పలక లెక్కలోకి రాదు,
నాకు లెక్కలకి వచ్చింది.

పన్నెండు ఎక్స్, పైన ఆరు. అట్టా వేశా.
రమీజా నా చేతిలోంచి బలపం లాక్కుంది.
పక్కింటి పిల్ల, ఇంటర్ రెండో ఏడు,
నా ఓపెన్ టెన్తుకి అదే దిక్కు.
"ముందున్న అంకెల్ని గుణించు పిన్నీ,
పైనున్న అంకెల్ని కూడు.
భూమి ఒకటే అయితేనే."

భూమి అంటే?
కింద ఉండేది, అంది.
కింద ఉండేది నాకు తెలీదా,
మార్కాపురం పలకల గనుల్లో
పదిహేడేళ్లు దాని పొరలు విప్పినదాన్ని.
మరి ఘాతం అంటే?
పిల్ల తల గోక్కుంది.
బజ్జీల పొట్లం కాగితంలో నేనే చదివా మొన్న,
విద్యుదాఘాతంతో గేదె మృతి అని.
అయితే దెబ్బే కదమ్మే!

ఇంక ఎవరూ చెప్పబళ్లేదు.
ఒకే బండ మీద మస్తాను రెండు దెబ్బలేస్తే
ఉలి చల్లారకుండా నేను మూడేసేదాన్ని.
బండకి తగిలినవి ఐదు.
ఆరోది ఎవరేశారు?

రెండో లెక్కలో వై వచ్చింది.
రెండు ఎక్స్ స్క్వేర్ వై ఇంటూ ఐదు ఎక్స్.
వై వేరే భూమి, గట్టు దాటించి కలపగూడదు,
పక్కన నిలబెట్టాలి, అంతే.
పొలం ఉన్నోళ్లకి ఇది ఇంకా తొందరగా ఎక్కుద్దేమో.

ఆగిపోయింది ఆ ఐదు ఎక్స్ కాడ.
ఉత్త ఎక్స్. తల మీద ఏమీ లేదు.
సున్నా అనుకుని వదిలేశా.
"ఒకటి ఉంటది పిన్నీ. రాయరు."
ఎందుకు రాయరు?
"ఒకటే కదా అని."

చానాసేపు బలపం కదల్లేదు.
గని మస్టర్లో దూదేకుల మస్తాను, ఆ పేరొక్కటే.
శనివారం కూలి ఆ పేరు మీదే.
గుంట నిండా నీళ్లూరి పని ఆగిపోయేదాకా
అంతే.

ఆ ఒకటి కూడా కలిపి చూశా.
పది ఎక్స్ క్యూబ్ వై.
పుస్తకం వెనకాల జవాబూ అదే ఉంది.

పరీక్ష తర్లుపాడులో, పొద్దున బస్సుకే పోవాలంట.
ఇప్పుడైతే పడుకోవాలి,
రేపు నూటనలభై పలకలకి చెక్క బిగించే పని.
పలక తిప్పి తడిగుడ్డతో తుడిచా.
తడి ఆరేకొద్దీ తేలతా ఉంది
పన్నెండు, ఎక్స్, పైన చిన్న ఐదు,
దాని కింద, ఇందాక నేను వేసిన ఆరు.