వేలు పడలే

ఒకటో తేదీ, తెల్లారి ఆరు.
ఉరవకొండ దాటి పన్నెండు కిలోమీటర్లు,
బండల మధ్య ఇరుక్కున్న ఊరు మాది.
నా సంచిలో నలభైమూడు పింఛన్లు,
ఒక మిషను, ఒక ఫోను.
సిగ్నల్ కావాలంటే ఎవరిదో ఒక మిద్దె ఎక్కాల.

ఉలిగమ్మవ్వ ఇంటికి మాత్రం ఆఖర్న పోతా.
ఆమె వేలు పడదు.

బొటనవేలు తుడుస్తా, కొబ్బరినూనె రాస్తా,
మళ్లీ తుడుస్తా,
గాజు మీద పెట్టి అదిమి పడతా.
ఎర్ర లైటు.
చూపుడువేలు. ఎర్ర లైటు.
"సరిపోలలేదు" అంటుంది మిషను,
పెళ్లిసంబంధం తప్పిపోయిందని చెప్పినంత మర్యాదగా.

"యాడుంటాది నాయనా? అంతా నున్నగా అరిగిపాయ.
రోడ్డు తినేసె."

ఏ రోడ్డవ్వా అంటే చెప్తాది.
ప్రతి నెలా చెప్తాది, ప్రతి నెలా కొంచెం వేరేగా.

నందన కరువులో వాళ్లమ్మ చంకన ఈమె.
గంజి కేంద్రం ముందర వరస.
తలకొక గరిటె.
చంకలోది తల కిందికి వస్తుందా రాదా అని
గరిటె పట్టుకున్నాయన కాసేపు ఆగినాడంట.
వాళ్లమ్మ అడగలేదు. తల వంచుకునే నిలబడింది.
ఆ కాసేపే
మా ఊళ్లో సర్కారు పుట్టిన గడియ అంటా నేను.
రెండో గరిటె పడిందా అంటే
ఒక నెల పడిందంటాది, ఒక నెల లేదంటాది.

తర్వాత్తర్వాత గంజి ఊరికే పొయ్యలే.
కంకర కొట్టమన్నారు, గుత్తి రోడ్డుకు.
పదైదేండ్ల పిల్ల.
ఎడమచేత్తో రాయి, కుడిచేత్తో సుత్తి,
కుప్పకింత అని కూలి.
సాయంత్రం మేస్త్రీ కుప్పలో కర్ర గుచ్చి
"గుల్లగా పేర్చినావు" అని పావలా కోసేవాడు.
మొదటి వారం రిజిస్టరులో
నీలం సిరాతో వేలు వేయించుకున్నారంట.
నిండుగా పడింది,
సుళ్లు సుళ్లుగా, వంకలో కొత్తనీళ్లు తిరిగినట్టు.

పచ్చకార్డు వచ్చింది. రెండు రూపాయల బియ్యం.
స్టోరు ముందర వరసలో గోనెసంచిని నిలబెట్టి
తాను కళ్లానికి పోయేది.
పండక్కే ఉడికే వరిబువ్వ పొద్దుమాపు ఉడికింది.
"కొర్రలు విత్తేది మరిచిపోతిమి, అదీ రాసుకో."
రాసుకునే గడి లేదు నా ఫోన్లో.

మనవరాలు సునంద బడిలో తినింది,
వారానికి ఇన్ని గుడ్లని లెక్కతో.
అవ్వ పోయి కిటికీలోంచి చూసొచ్చిందంట,
మా ఇంటి బిడ్డ నట్టమధ్యాన్నం కూర్చుని తింటాందని.

పింఛను డెబ్బైఐదు రూపాయలప్పుడు
ఒకరు పోతే గానీ ఇంకొకరికి రాదు.
లిస్టులో ఈమె ముందు పక్కింటి ఎర్రితాత.
ఆయన దగ్గినప్పుడల్లా
తలుపేసుకునేదాన్ని, సిగ్గయ్యేది అంటాది.
ఆ దగ్గు ఎన్నేండ్లు నడిచిందో మాత్రం చెప్పదు.

కరువు బాధితురాలు. కూలి. కార్డుదారు.
ఇప్పుడు లబ్ధిదారు.
"లబ్ధి అంటే ఏంది నాయనా?"
లాభం అవ్వా.
"ఎవురికి?"

మిషను వేడెక్కింది. ఉంగరంవేలు కూడా ఎర్ర లైటే.
"నా ముద్రలన్నీ ఆ గుత్తి రోడ్డు కింద ఉండాయి.
పోయి తవ్వుకోపో."
తారు మీద తారు, ఇప్పుడది రెండింతల వెడల్పు.
దాని మీదనే వస్తా నేను, బండేసుకుని.

ఇక ఫోను తీసి ముఖానికి ఎదురుగా పట్టినా.
కళ్లు ఆర్పమంటుంది, మనిషి బతికుంటే.

"బతికుండానని నువ్వు సూస్తాండావు గదా?"
నేను చూస్తే చాలదవ్వా.

అనేసినాక నోరు చేదైంది.
అవ్వ నన్నే చూసింది చాలాసేపు, రెప్ప కొట్టకుండా.
ఫోను తిరుగుతానే ఉంది.
తర్వాత, నా మీద జాలిపడినట్టు,
మెల్లగా ఆర్పింది.

పచ్చ లైటు.

నోట్లు ఎంగిలేలితో రెండుసార్లు లెక్కబెట్టి
ఒకటి వెలుతురుకు ఎత్తి పట్టి
నా చేతిలోనే తిరిగి పెట్టింది.

"ఇది సినిగింది. మార్చు."

మార్చినా.