ఇటుకలకు స్టాంపులు

అడిగావు కాబట్టి చెబుతున్నాను, నవ్వకుండా విను.
ఆ గోడ మొత్తం పోస్టులో వచ్చింది.

మా ఊరికి రైలు లేదు.
రెండు కనుమల అవతలే అలిసిపోయి ఆగిపోయేది.
అక్కణ్ణించి హార్న్ బెంచ్ దాకా
నాలుగు రోజుల దుమ్ము, యూటా ఎర్రదుమ్ము,
పళ్ళ మధ్య కరకరలాడేది.
బండి కిరాయికి ఇటుక ఖరీదు నాలుగింతలయ్యేది.
పోస్టు మాత్రం యాభై పౌన్ల దాకా ఏదైనా మోసేది:
కోడిపిల్లలు, రంపాలు, ఒకసారి పెళ్ళి కేకు
(చీమలతో సహా చేరింది).
ఇటుకలు పంపొచ్చని రూల్సు పుస్తకంలో లేదు.
పంపకూడదనీ లేదు.

ఎఫ్రాయిమ్ టాగర్ట్‌కి ఆ సందు చాలు.
బ్యాంకు కట్టాలి, మంచు పడేలోగా.
పెట్టెకు పది ఇటుకలు, రోజుకు నలభై పెట్టెలు,
ఒక్కో పెట్టెకూ పెళ్ళికూతురి నుదుటి మీదలా
వరసగా స్టాంపులు.
కంచరగాడిదలు తోలే బాస్క్ మనిషి ఇరిగారై
దించేటప్పుడల్లా అనేవాడు,
"ఉత్తరమంటే ఇంత బరువుంటుందని
మా అమ్మ చెప్పలేదు."

నేనూ నవ్వాను.
టాగర్ట్ ఇచ్చిన ఆరు నారింజలు తిన్నాను.
ఆయన చెప్పినట్టే అవతలి ఆఫీసుకు చీటీ రాశాను,
నా గుండ్రటి దస్తూరీతో, రెండే మాటలు:
ఇటుకలు ముందు.

బట్టలుతికే స్టావ్రూలా సాయంత్రాలు వచ్చేది.
మోచేతుల దాకా సబ్బు ఎండి తెల్లగా ఉండేది.
గని ఆస్పత్రిలో భర్త.
మా భాషలో ఆమెకొచ్చిన మొదటి మాట "ఉత్తరం?"
నాకు ఆమె నేర్పిన మొదటి మాట "ఓహి",
లేదు అని.
పదకొండు సాయంత్రాలు ఆ మాటే చెప్పాను,
వెనకాల పెట్టెలు కప్పును తాకుతుండగా.

పన్నెండోనాడు వచ్చింది.
నలిగి, ఒక మూల ఎర్రగా.
నర్సు రాసిన ఇంగ్లీషు, ఆమెకు చదవడం రాదు.
నేనే చదివాను.
ఆదివారం దాకా ఉంటాడు, రాగలిగితే రండి.

తప్పు చదువుదామనుకున్నాను, ఒక్క మాట మార్చి.
తేదీ ఏం చేయను?
ఆ ఆదివారం పోయి, ఇంకో ఆదివారం కూడా పోయింది.

ఆమె ఏడవలేదు.
పలక విరిగిన పెట్టెలోంచి ఒక ఇటుక లాగింది.
"అది బ్యాంకుది" అన్నాను. సిగ్గులేదు నాకు.
బల్ల మీద చిల్లర కుప్పపోసి,
రాయి, అన్నట్టు వేలితో చూపించింది.
రాశాను:
లెఫ్తెరిస్, రెండో వార్డు, గని ఆస్పత్రి.

మూడు వారాలకు తిరిగొచ్చింది,
చిరునామాదారు లేరు అని ఊదా సిరా ముద్రతో.
మళ్ళీ పంపింది.
మళ్ళీ వచ్చింది.
మూడోసారి స్టాంపులు నేనే అంటించాను,
నా డబ్బుతో.
ఇరిగారై ఆ ఇటుకను మూటల్లో వేయలేదు,
ఒళ్ళో పెట్టుకుని కనుమ ఎక్కాడు.

బ్యాంకు ప్రారంభానికి బాకాలు ఊదారు.
సందు వైపు ఒకచోట ఒక ఇటుక తగ్గింది.
తాపీమేస్త్రి ఊళ్ళో మట్టితో అచ్చుపోసి పెట్టాడు,
పాలపన్ను రంగులో కనిపిస్తుంది,
టాగర్ట్ బతికినన్నాళ్ళూ చూసుకోలేదు.
ఇప్పుడక్కడ గడ్డీ దాణా అమ్ముతున్నారు.

స్టావ్రూలా ఇటుక ఆమె లాండ్రీ గుమ్మంలో ఉంది.
గాలికి తలుపు పడకుండా అడ్డం.
అటు వెళితే చూడు, తడితో సగం చెరిగిపోయాయి గానీ
మూడు ముద్రల్లో ఒకటి ఇంకా తెలుస్తుంది.
తేదీ చదవొచ్చు.
ఎక్కడికో, చదవలేం.