దమ్ము

ఎదుర్లంక రేవులో
మునిగినవాళ్ళని పైకి తెచ్చే పని
కామాడి బైరాసామిది.
జీతం లేదు. ఇచ్చినవాళ్ళిస్తే ఓ కుంచెడు బియ్యం.
నడుముకి తాడు కట్టుకుని గౌతమిలోకి దిగేవాడు.
గట్టు మీద పిల్లలం లెక్కపెట్టేవాళ్ళం.
నూట నలభై దాకా నాకు వచ్చు,
ఆపైన అంకెలు తెలీక
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేదాన్ని.

పైకి తెచ్చిన ప్రతి మనిషికీ
ఇసకలో ఓ లంక చుట్ట వెలిగించి గుచ్చేవాడు.
ఆడమనిషైనా, పసిబిడ్డైనా సరే.
"గాలాడక పోయినోళ్ళకి
గాలి తాగి బతికేదే పెట్టాలమ్మా."

డెబ్భై ఒకటి, ఆషాఢం.
ఊరంతా చేలల్లో దమ్ము చేస్తోంది.
పంచాయతీ రేడియో చెప్పింది:
ఆకాశంలో ఇరవై రోజులకి పైనే ఉండి
ముగ్గురు రష్యావాళ్ళు దిగారట.
గొడుగు విచ్చుకుందట, మెత్తగానే ఆనిందట.
తలుపు తీస్తే
ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చునే ఉన్నారట,
ఊపిరి లేకుండా.

ఎలా పోయారో రేడియో చెప్పలేదు.
"ఒంటి మీద దెబ్బలేమన్నా?"
లేవన్నారు.
"అయితే గాలి పోయుంటాదిరా,"
మోకాళ్ళ దాకా బురదతో నిలబడి అన్నాడు.
పేపర్లో ఆ మాట రావడానికి
ఇంకో పన్నెండు రోజులు పట్టింది.

సాయంత్రం ఎస్తేరు టీచరు దగ్గరికెళ్ళాడు,
నన్ను తోడు తీసుకుని.
ఇంతకుముందూ ఎవరన్నా పోయారా అమ్మా?
ఒకాయన, గొడుగు చిక్కుపడి
నేలకి కొట్టుకున్నాడంది.
అమెరికాలో ముగ్గురు, ఎగరకముందే, సాధన చేస్తుండగా
లోపల నిప్పు పుట్టి, తలుపు రాక...
"నేల మీదే?"
నేల మీదే.
బడి మెట్టు మీద కూలబడ్డాడు.
"పడవెక్కకుండా రేవులోనే," అని
ఆ మాట పూర్తి చెయ్యలేదు.

చీకటి పడ్డాక ఇసకలో నాలుగు చుట్టలు.
కాలిపోయినవాళ్ళకి మాత్రం నిప్పు పెట్టలేదు,
మూడు దోసిళ్ళ నీళ్ళు వదిలాడు.
పేర్లు నోరు తిరగలేదు.
సగం చందమామ వైపు చూసి
"అయ్యా, మీరు" అన్నాడు, అంతే.

ఎవరు రమ్మన్నారు మామా వాళ్ళని, అక్కడికి?

"వరద తీశాక ఏరు పాత దారిలో ఉంటాదా?
ఏడ మేట ఏసిందో, ఏడ గొయ్యి పడిందో.
మొదటి పడవోడు గెడ దింపుకుంటా పోవాల.
తిరిగొత్తే దారి.
రాకపోతే,
ఆ పక్క కాదని ఎనకోళ్ళకి తెల్తాది."

నాలుగోది తేమకి ఆరిపోయింది.
పైకి తీసి, తుడిచి,
మళ్ళీ వెలిగించి, తనే ఓ దమ్ము లాగి
ఉన్నచోటే గుచ్చాడు.

బైరాసామి ఏట్లో పోలేదు.
కాకినాడ పెద్దాస్పత్రిలో, ఉబ్బసం ముదిరి,
పడుకుంటే ఊపిరాడక
మంచం మీద కూర్చునే పోయాడు.
అక్కడ చుట్ట వెలిగించనివ్వలేదు.

ఇప్పుడు వంతెన మీద యానాం ఎంతసేపు?
రేవులో ఇసక మాత్రం ఉంది.

మనుషుల్ని పైకి పంపేటప్పుడు
టీవీలో అంకెలు వెనక్కి చదువుతారు.
సున్నా అయ్యాక అందరూ చప్పట్లు కొడతారు.
నా లెక్క అక్కడ మొదలవుతుంది,
ఒకటి, రెండు, మూడు,
ఇప్పుడు నాకు అంకెలన్నీ వచ్చు,
తలుపు తీసేదాకా
ఆపను.