పేరుకి చోటొదిలి

లాలాపేటలో ఎండ
స్టీలు బిందెల మీద పడి రెండింతలై
కళ్ళల్లో గుచ్చుకుంటున్న పదకొండు గంటలప్పుడు
కొట్లో అడుగుపెట్టి నేను చేసిన మొదటి పని
ఫోను తీసి ధర చూడటం.

సిగ్గుపడే చెబుతున్నాను.
ఒక చేతిలో వాళ్ళ మూతగిన్నె,
ఇంకో చేతిలో నా ఫోను.
చేతిలో గిన్నె బరువుగా ఉంది.
ఫోన్లో గిన్నె ఎనభై రూపాయలు తేలిగ్గా ఉంది.

సుబ్బరత్నంగారు చూశారు.
చూడనట్టే ఒక ఇత్తడి గరిటె తుడిచారు.
తుడిచిందే మళ్ళీ తుడిచి
"అందులో తగ్గే ఉంటదిలే అమ్మా,
మా అబ్బాయీ చెప్పులు అందులోనే తెప్పిస్తాడు" అన్నారు.

ఏమనాలో తెలీక
గిన్నె బోర్లించి అడుగు చూశాను,
అడుగున ఏదో రాసున్నట్టు.

ఆదివారం మా ఆఫీసు హైమావతి మనవరాలి బారసాల.
రాత్రి పదింటికి మంచం మీద దొర్లుతూ
ఏనుగు దిండ్లూ గిలక్కాయలూ అన్నీ చూశాను.
ఒకచోట గడి గీసి
పేరు రాయమంది, ఇంగ్లీషులో,
పన్నెండు అక్షరాలు దాటకుండా.
పిల్లకి ఇంకా పేరే పెట్టలేదని
గడికి ఎలా చెప్పను?
ఖాళీగా వదిలేస్తే ఎర్రబడింది.

ఇక్కడ, మెట్టు పక్కన పీట మీద
ఖాజావలి కూర్చుంటాడు.
కళ్ళజోడు కాడ ఒకటి రాగితీగతో కట్టింది.
పెన్నులాంటి ఆ మిషను స్టీలుకి తగిలితే
పళ్ళ డాక్టరు దగ్గరి చప్పుడు.
చుక్క పక్కన చుక్క పెట్టి
మనుషుల్ని పోగుచేస్తాడు.
'ణ' రాసేటప్పుడు మాత్రం
నాలిక కొంచెం బయటికొస్తుంది.

మా అమ్మ డేగిసా మీద పేరు కొట్టింది వీళ్ళ నాన్న.
కోటేశ్వరమ్మలో వత్తు మర్చిపోయి
కోటేశరమ్మని చేశాడు.
అమ్మ దిద్దించలేదు.
"పిలిచేది అట్లాగేగా" అంది.
నాలుగు పెళ్ళిళ్ళకీ ఒక దినానికీ
ఆ డేగిసా మా వీధి దాటి వెళ్ళింది.
అంచుకి పులిహోర మెతుకుతో,
ఎవరివో పసుపు వేళ్ళ గుర్తులతో
ఆ తప్పుపేరు చూపించుకునే ఇల్లు చేరింది.

"పేరింకా పెట్టలేదు" అన్నాను.
ఖాజావలి తలెత్తాడు.
అంచు కింద బొటనవేలితో కొలిచాడు.
"పొడుగు పేరైతే ఇక్కణ్ణించి మొదలెడతా,
పొట్టిదైతే నడిమధ్యన.
పెట్టాక పట్రండి, డబ్బులేం ఒద్దు.
ఇచ్చినోళ్ళ పేరు ఇప్పుడే కొట్టమంటారా?"
వద్దన్నాను.
తేదీ ఒక్కటి, వెనకవైపు.

సుబ్బరత్నంగారు నలభై తగ్గించారు.
నేనడగలేదు.
తక్కిన నలభైకీ
కుర్చీ వేశారు, కుండలో నీళ్ళిచ్చారు,
"మీ అమ్మగారి మోకాళ్ళు..." అంటూ మొదలుపెట్టి
నిరుడు సంగతి గుర్తొచ్చి
మిగతా మాట మింగేశారు.
ఆ మింగిన మాటకి
ఎంత వేసుకోవాలో నాకు లెక్క రాదు.

అలాగని నేనేం మారిపోయానని కాదు.
సబ్బులు నిన్న కూడా గుమ్మంలోకే వచ్చాయి,
తెచ్చిన కుర్రాడి మొహం నేను చూడలేదు.
రేపు చార్జరు వైరు కొనాలి,
ఎక్కడ కొంటానో ఒట్టేసి చెప్పలేను.

ఆదివారం పళ్ళెంలో బియ్యం పోసి
ఉంగరంతో రాయించారు.
ప్రణిహిత.
'ణి' దగ్గర బియ్యం జారిపోయి
పిల్ల తండ్రి రెండుసార్లు దిద్దాడు.
అంతమందిలో నాకు ఒక్కదానికే
ఫక్కున నవ్వొచ్చింది.
ఏంటని హైమావతి మోచేత్తో పొడిచింది.

"ఏం లేదు,
గిన్నె ఒకసారి ఇటివ్వు.
రేపు లాలాపేటలో పనుంది."