వేలికొస కొలత

ముప్పై ఏళ్లుగా చేపల తోళ్లు ఒలుస్తున్న చేతులు నావి.
కాడ్ తోలెంత మందమో, కాపెలిన్‌ది ఎంత ఉల్లిపొరో
కత్తి పెట్టకముందే చెప్పగలను.
నా తోలు సంగతే తెలియలేదు.

ఉప్పునీళ్లకి వేళ్ల సందులు పగిలి నెత్తురొస్తే
డాక్టరు చీటీ రాశాడు.
మందులషాపు థోర్‌గెర్దుర్ నా చూపుడువేలి మీద
కొస నుంచి మొదటి గీత దాకా
సన్నటి తీగలా పిండి చూపించింది:
"రెండు అరచేతులంత చోటుకి ఇంతే, సోల్‌రూన్.
రోజుకొకసారి. రెండు వారాలు.
మొహం జోలికి పోకు."

పదో రోజుకి చేతులు నునుపు.
సగం మిగిలిన ట్యూబు పారెయ్యబుద్ధి కాలేదు.
చలికి కందిన బుగ్గలకి రాశాను,
చలికాలమంతా రాశాను.
సూర్యుడే కొండ దాటి రాడు, ఎవరు చూడొచ్చారు!

జనవరి చివర వచ్చాడు.
ఊరంతా కాఫీలు, పాన్‌కేకులు.
కిటికీ పక్క అద్దంలో
నా బుగ్గల మీద ఎర్రదారాలు,
నోటి చుట్టూ పొక్కులు.
మానేస్తే మంట, రాస్తే చల్లన.
అప్పిచ్చినవాడి నవ్వు అది.

డాక్టరు తిట్టలేదు.
"మందు మంచిదే. చోటు తప్పింది, లెక్క తప్పింది.
మెల్లగా దింపుదాం," అన్నాడు.
పొక్కులు పోయాయి. దారాలు కొన్ని ఉండిపోయాయి.

నిన్న కొత్తపిల్ల దనూతా
పగిలిన వేళ్లు చాపి, నీ ట్యూబు కాస్త ఇస్తావా అంది.
ఇవ్వలేదు.
బల్ల మీది కాపెలిన్ తోలు ఒలిచి
దీపానికి అడ్డంగా పట్టాను.
అవతల నా వేలు కనిపించింది.

కనురెప్ప ఇంతే ఉంటుంది, అన్నాను.
పద, డాక్టరు నాలుగింటిదాకా ఉంటాడు.