రాపిడి లెక్క

ఉపాధి కార్యాలయంలో అమ్మాయి అడిగింది:
"విమానం కాకుండా ఇంకేం వచ్చు మీకు?"
హాల్వార్డ్ చాలాసేపు ఆలోచించి
"చీకట్లో మెలకువగా ఉండటం" అన్నాడు.
దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక
ఆమె పెన్ను మూత కొరికింది.

పన్నెండేళ్లు యుద్ధవిమానం,
పంతొమ్మిదేళ్లు ప్రయాణికులు.
ఆపైన ఎడమ చెవి మోసం చేసింది.
వైద్యుడు లైసెన్సు కాగితం మడిచి ఇచ్చిన తీరు
పోయినవాడి చేతిగడియారం ఇంటికి చేర్చినట్టుంది.

సిమ్యులేటర్‌లో పాఠాలు చెప్పమన్నారు.
పడిపోని గదిలో పడిపోతున్నట్టు అరవడం అతనివల్ల కాలేదు.
బీమా వాళ్లు కూలినవాటికి ఖరీదు కట్టమన్నారు.
స్క్వాడ్రన్‌నాటి స్టెయినార్ ఫోన్ చేశాడు:
ఆయుధాలమ్మే కొలువు, మంచి సూటు, మంచి జీతం.
"చూద్దాం" అన్నాడు.
చూడలేదు.

ఇప్పుడు బూడోలో తెల్లవారుజాము మూడు.
మంచు తోసే బండి.
తాను వెయ్యిసార్లు దిగిన రన్‌వే మీదే
గంటకు నలభై కిలోమీటర్లు.
నేల ఇంత గరుకని పైనుంచి తెలియలేదు.

చివర్న కొలత చక్రం దించి
మైకులో అంకెలు చదువుతాడు:
ముప్పై ఎనిమిది, ముప్పై ఐదు, ముప్పై ఒకటి.
ముప్పై ఏళ్లు ఆ అంకెలు ఆకాశంలో విన్నవాడే.
కొలిచిందెవరో ఒక్కసారీ అడగలేదు.

మబ్బులోంచి ఓ లేత గొంతు, కొత్త కెప్టెన్ కాబోలు,
"అందింది" అంటుంది.
అంతే.
అతను మాత్రం ఎప్పుడు ఇంకో మాట కలిపాడు గనక?

బండి పక్కకు తీసి
ఇంజను ఆపి కూర్చుంటాడు.
ఎవరివో చక్రాలు తాకుతాయి.
స్టీరింగ్ పట్టుకున్న వేళ్లలో
నేల ఒకసారి జలదరిస్తుంది.