నిరర్థకం

తొంభై రోజులు దాటగానే
కంప్యూటర్ తనంతట తనే రంగు మార్చుకుంటుంది.
మేం ఎవరం ఏమీ అనం.
కోఠీలో బ్యాంక్ స్ట్రీట్, రెండో అంతస్తు,
పావురాలు పాడుచేసిన కిటికీ పక్కన నా టేబుల్.
ఇరవై ఏడేళ్ల సర్వీసు:
అప్పులివ్వడం పదకొండేళ్లు,
ఇచ్చినవి అడగడం పదహారు.

నిరర్థక ఆస్తి అంటుంది తెలుగు సర్క్యులర్.
ఎవరు తెలుగు చేశారో గానీ నాకు నచ్చిన మాట.
మన భాషలో అర్థం అంటే డబ్బు.
అర్థం అంటే అర్థం కూడా.

ఇవాళ్టి ఫైలు అవుసుల భిక్షపతి.
చిన్న కాంట్రాక్టర్. ఒక జేసీబీ, రెండు టిప్పర్లు,
తాకట్టులో మూసారాంబాగ్‌లో నూట ఇరవై గజాల ఇల్లు.
బాకీ ముప్పై ఎనిమిది లక్షల చిల్లర.
చిల్లర అని మేమే అంటాం.

"నాలా పని జేసిన మేడం.
ఆర్నెల్లల్ల జెయ్యమన్నరు, ఐదు నెలలల్ల జేసిన.
కొలతల బుక్కుల ఏఈ సారు సంతకమున్నది, డీఈ సారుదున్నది.
బిల్లుకు టోకెన్ నంబరిచ్చిండ్రు.
రెండేండ్లాయె."
ప్లాస్టిక్ కవర్లోంచి తీశాడు చీటీ.
మడతల దగ్గర అంకెలు చిరిగిపోయాయి.

చిన్నప్పుడు మా బస్తీలో దయ్యం తిరుగుతోందని
తలుపు తలుపుకీ "రేపు రా" అని సుద్దతో రాసేవాళ్లు.
చదువొచ్చిన దయ్యం. చదువుకుని వెళ్లిపోయేది.
బిల్లుల కౌంటర్ దగ్గర ఏ రాతా లేదు,
అయినా చదువుకుని తిరిగొస్తాడు భిక్షపతి,
మంగళవారం, మళ్లీ శుక్రవారం.

అతనికి ఇవ్వాల్సింది సర్కారు.
అతన్ని అడిగే నేనూ సర్కారు బ్యాంకే.
కుడి చెయ్యి బాకీ పడింది,
ఎడమ చెయ్యి వచ్చి కాలర్ పట్టుకుంది.
క్యాంటీన్ టీవీలో మాత్రం
వృద్ధి రేటు పచ్చ బాణమై పైకి పోతోంది.

ఇదే బీరువా పై అరలో ఇంకో ఫైలుంది.
కరెంటు ప్లాంటు. ఎనిమిది బ్యాంకులు కూడి ఇచ్చిన అప్పు.
బంజారాహిల్స్ హోటల్లో మీటింగు, వేయించిన జీడిపప్పు,
నోట్ రాసిన చెయ్యి నాదే.
"ఆశాజనకం" అని రాశాను.
చిమ్నీ లేచింది, పొగ లేవలేదు.
బొగ్గిస్తామన్న వాళ్లు ఇవ్వలేదు, కొంటామన్న వాళ్లు కొనలేదు,
నడుమ డబ్బెటు పోయిందో అడగొద్దన్నారు.
చివరికి హెయిర్‌కట్ అన్నారు, నూటికి డెబ్బై రెండు.
క్షవరం నిజమే. తల మాత్రం
నాంపల్లి స్టేషన్ ముందు పొదుపు ఖాతా తెరిచిన హమాలీలది.
ఆ ఫైలు ఇంటికి నోటీసు అంటించడానికి
నన్నెవరూ పంపలేదు.

మూసారాంబాగ్ పంపారు.
జిగురు సీసా, ఫొటో తీసే కుర్రాడు, నేను.
దార్లో వాన.
ఆటో అతను అన్నాడు:
"రెండేండ్ల కిందట ఈడ నడుములోతు నీళ్లు.
గిప్పుడు సూడున్రి, నిలబడ్తనే లేవు.
ఎవడో గానీ మంచిగ జేసిండు నాలా."
ఇనుప జాలీ కింద
మూసీ దిక్కు ఉరుకుతున్న చప్పుడు.
నేను మాట్లాడలేదు. మీటర్ చూస్తూ కూర్చున్నాను.

గేటు తడిగా ఉంది.
కాగితం రెండుసార్లు జారి కింద పడింది.
భిక్షపతి బయటికొచ్చాడు,
నా మొహం కాదు, గేటు చూశాడు.
"తడి మీద అంటదు మేడం, ఆగుండ్రి,"
అని భుజం మీది తువ్వాలుతో
గేటు శుభ్రంగా తుడిచి
పక్కకి తప్పుకుని నిలబడ్డాడు.
పని సరిగ్గా చెయ్యడం తప్ప
ఇంకోలా చెయ్యడం రాని మనిషి.

సాయంత్రం రిపోర్టులో తొమ్మిదో గడి:
ఆస్తి ప్రస్తుతం ఏ స్థితిలో ఉంది?
పారుతోంది, అని రాశాను.
కొట్టేశాను.
కంప్యూటర్ ఒప్పుకునే మాట రాసి
సంతకం పెట్టాను.